తవ్వనిచోట చరిత్ర లేదా?

తొట్లకొండ బౌద్ధ విహారం దగ్గర రక్షిత ప్రాంతమంటే కంచె లోపలి 120 ఎకరాలేనట. కంచె దాటితే ఆనవాళ్లేమీ లేవట, ఉన్నదంతా ఉత్త సర్కారు కొండేనట. విశాఖ-భీమిలి దారిలో నేలను ఎకరాల్లో కాక గజాల్లో లెక్కపెట్టడం మొదలైన నాటి నుంచీ ఈ మాట ఏదో ఒక నోట వినబడుతూనే ఉంది. ఈ కొండ మీద ఒక ఫిల్మ్ క్లబ్బుకు 15 ఎకరాలు కేటాయించిన రోజుల్లో విన్నాం. ప్రభుత్వం మారాక కూడా విన్నాం. ప్రతి విషయంలోనూ కత్తులు దూసుకునే పక్షాలు ఈ ఒక్క వాదాన్ని మాత్రం వారసత్వ ఆస్తిలా ఒకరి చేతి నుంచి ఒకరు అందుకుంటున్నాయి.

నగరం పెరుగుతోంది, కుర్రాళ్లకు ఉద్యోగాలు కావాలి, వేల ఎకరాల కొండను ఊరికే వదిలెయ్యడం ఏ ప్రభుత్వానికైనా కష్టమే. నిజమే, కాదనం. అవసరం ఉంది కాబట్టి భూమి కావాలని అడిగితే దాని మంచిచెడులు బహిరంగంగా తేల్చుకోవచ్చు. కానీ ఇక్కడ అడుగుతున్నది అలా కాదు. అక్కడ పోయేది ఏమీ లేదు కాబట్టి ఇచ్చేస్తే తప్పేంటి అంటున్నారు. మా అభ్యంతరమంతా ఆ ‘ఏమీ లేదు’ అన్న మాట మీదే.

ఏమీ లేదని ఎలా తెలిసింది? ఎవరు తవ్వి చూశారు? ఇప్పుడున్న కంచె ప్రాచీన విహారపు హద్దు కాదు. 1988-92 మధ్య రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వకాలు జరిపిన స్థలాన్ని చుట్టుకుని నిలబడ్డ కంచె అది. గునపం పడిన చోట మహాస్తూపం, భిక్షువుల గదులు, శాతవాహనుల సీసపు నాణేలు, రోమన్ వెండి నాణేలు బయటపడ్డాయి. గునపం పడని చోట ఏమీ బయటపడలేదు. పడకుండా ఎలా బయటపడుతుంది? పరీక్ష రాయని పిల్లవాడికి సున్నా వేసి, వీడికి చదువు రాదని టీసీ ఇచ్చి పంపించినట్టుంది ఈ తర్కం.

ఇదే కొలమానాన్ని కొంచెం వెనక్కి జరిపి చూడండి. 1976లో నౌకాదళం వారు తమ స్థావరం కోసం పై నుంచి సర్వే చేస్తుండగా ఈ శిథిలాలు కంటబడ్డాయి. అంతకు ముందు ఏడాది ఎవరైనా ఈ కొండను అడిగి ఉంటే, నేటి వాదం ప్రకారం కొండ మొత్తం ఖాళీయే. స్తూపమున్న చోటూ ఖాళీయే, విహారాలున్న చోటూ ఖాళీయే. ఇప్పుడు మనం టికెట్టు కొని చూస్తున్న తొట్లకొండ కింద ఏ అతిథిగృహం పునాదో దిగిపోయి ఉండేది. ఆ రోజున విమానం ఎగిరింది కాబట్టి బతికిపోయింది. మిగిలిన నేల కూడా అలాంటి అదృష్టం మీదే బతకాలా?

నిజానికి అంత దూరం ఊహించాల్సిన పని కూడా లేదు. కంచె బయట చూసినవాళ్లున్నారు. అమెరికన్ పురావస్తు పరిశోధకుడు లార్స్ ఫోగెలిన్ విహారాన్ని వదిలి చుట్టుపక్కల వాలులన్నీ కాలినడకన గాలించారు. ఆ పరిశోధన 2006లో పుస్తకంగా అచ్చయింది కూడా. ఆయనకు కనిపించినవి ఒకటి రెండు కావు. విహారం చుట్టూ కొండ మీద వందల కొద్దీ రాళ్ల గుట్టలు కనిపించాయి, దిగువన ఒక ప్రాచీన జనావాసపు ఆనవాళ్లు కనిపించాయి. వాలు మీద అవి ఉండగా ఫైలు మీద ‘ఏమీ లేదు’ అని రాశారంటే, రాసినవారు ఆ పుస్తకం చదవనైనా లేదు, కొండ ఎక్కనైనా లేదు. రెండూ చేసి రాసి ఉంటే మరీ ఘోరం.

ఆ రాళ్ల గుట్ట దగ్గర నిలబడితే మొదట ఆశ్చర్యం కలగదు, అనుమానం కలుగుతుంది. ఎంతో ఎత్తుండదు. ఖొండలైటు రాళ్లు, ఎవరో తోటమాలి పక్కకు నెట్టి వదిలేసినట్టు, మధ్యలో ముళ్లపొదలు. చెక్కడం లేదు, శాసనం లేదు, బోర్డు అసలే లేదు. చనిపోయినవారి జ్ఞాపకంగా పేర్చినవి కావచ్చన్నది పరిశోధకుల అభిప్రాయం. అయితే జేసీబీ నడిపే మనిషికి అదంతా ఎలా తెలుస్తుంది? రాయి రాయే. పొద్దున్న తొమ్మిదింటికి మొదలుపెడితే భోజనాల వేళకు చదును. అతన్ని తప్పుపట్టలేం. అది చదును చేసే స్థలమని అతనికి కాగితం రాసిచ్చినవారిని మాత్రం తప్పుపట్టి తీరాలి.

కొండ పేరే ఈ వాదాన్ని కొట్టిపారేస్తోంది. తొట్లు, అంటే రాతిలో తొలిచిన నీటి తొట్లు ఉన్నాయి కనుక తొట్లకొండ. సముద్రానికి 128 మీటర్ల ఎత్తున బావి తవ్వుకునే వీలు లేక, కురిసిన వానను రాతిలో పట్టి దాచుకున్నారు ఆ భిక్షువులు. ఇప్పటికీ వానాకాలం పోయాక ఆ తొట్లలో పచ్చగా నీళ్లు నిలిచి ఉంటాయి. మరి విహారమంటే తొట్టి ఒక్కటేనా, తొట్టిలోకి వాన జారే రాతి వాలు కాదా? భిక్ష పెట్టిన ఊరు కాదా? ఆ ఊరి నుంచి పైకెక్కిన కాలిబాట కాదా? వీటన్నిటినీ కోసేసి స్తూపం చుట్టూ ఒక చక్రం గీసి, చరిత్ర ఇంతే అనడం వంటిల్లు పడగొట్టి పొయ్యిని కాపాడామని చెప్పుకోవడమే.

ఇక చట్టం. 1978లో ఇచ్చిన ఉత్తర్వు తొట్లకొండ విహారమున్న మంగమారిపేట కొండను, మూడు వేల ఎకరాలకు పైబడిన విస్తీర్ణంతో, రక్షిత ప్రాంతంగా చూపింది. ఇచ్చింది పరాయి దేశం కాదు, మన ప్రభుత్వమే. అది 120 ఎకరాలకు ఎప్పుడు కుదించుకుపోయింది? మధ్యలో ఏ ఉత్తర్వు వచ్చింది, ఏ నిపుణుల సంఘం కొలిచింది? ఉంటే ఆ కాగితం బయటపెట్టండి. కేంద్ర రక్షిత కట్టడాల చుట్టూ 100 మీటర్ల వరకు నిర్మాణాలు నిషేధం, ఆపై మరో 200 మీటర్ల వరకు ఆంక్షలు. కట్టడానికి ఊపిరాడే జాగా కావాలని దేశం చట్టం చేసుకుంది. తొట్లకొండ రాష్ట్ర రక్షణలో ఉందన్న ఒక్క కారణంతో ఆ ఊపిరి అక్కర్లేదా?

పర్యాటకం పేరు చెప్పి భూములు అడిగేవారికి ఒక్క మాట. ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామిని సముద్రంలోంచి లాక్కొచ్చి ఇసుక మీద నిలబెట్టి 2002లో మ్యూజియం చేశాం. మంచి పని, ఈ రోజుకీ జనం చూడడానికి వస్తున్నారు. ఆ తర్వాత టీయూ-142 యుద్ధవిమానాన్నీ ముక్కలుగా మోసుకొచ్చి ఎదురుగా నిలబెట్టాం. నీళ్లలో ఉన్నదాన్ని ఒడ్డుకు చేర్చే ఓపిక ఉంది, రెండు వేల ఏళ్లుగా ఒడ్డునే ఉన్న కొండను చూసుకునే ఓపిక లేదు. కంచె లోపలి 120 ఎకరాలనైనా కంటికి రెప్పలా కాచారా అంటే అదీ లేదు. 2019 అక్టోబరు వానలకు మహాస్తూపంలో ఒక భాగం జారిపడింది.

మేము అడుగుతున్నది స్పష్టం. కంచె బయట ఏమీ లేదన్న వాదాన్ని ప్రభుత్వం లిఖితపూర్వకంగా ఉపసంహరించుకోవాలి. 1978 ఉత్తర్వులోని హద్దుల ప్రకారం కొండ చుట్టూ సర్వే రాళ్లు పాతాలి. ప్రతి రాళ్ల గుట్టకూ నంబరు వేసి, పటంలో గుర్తించి, ఆ పటాన్ని కొండ కింద రోడ్డు పక్కన అందరికీ కనబడేలా పెట్టాలి. అది పూర్తయ్యే దాకా ఆ హద్దుల లోపల సెంటు భూమి కూడా ఎవరి పేరునా కదలకూడదు, అది క్లబ్బు కోసమైనా సరే, కార్యాలయం కోసమైనా సరే. పురావస్తు శాఖలో సిబ్బంది చాలరంటే ఆంధ్ర విశ్వవిద్యాలయం అదే ఊళ్లో ఉంది, చరిత్ర విద్యార్థులూ ఉన్నారు. ఒక్క శీతాకాలం చాలు.