జీవశాస్త్రం మన చేలోదే



జీవశాస్త్రం అనగానే పిల్లల స్కూలు పుస్తకమో, డాక్టరు సీటు పరీక్షో గుర్తొస్తుంది. ప్రాణమున్నది ఏదైనా ఎలా పుడుతుంది, ఏం తింటుంది, తన గుణాన్ని సంతానానికి ఎలా ఇస్తుంది అని తెలుసుకునేదే జీవశాస్త్రం. మొక్క, పశువు, పురుగు, కంటికి కనపడని సూక్ష్మజీవి అన్నీ దాని కిందికే వస్తాయి. ఆ లెక్కన దానితో రైతుకున్నంత పని ఇంకెవరికుంది?

పత్తి సంగతే చూడండి. 2002లో మన దేశంలో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. నేలలో ఉండే ఒక బాక్టీరియా జన్యువును పత్తిలో చేర్చారు. 2006లో రెండు జన్యువుల విత్తనం వచ్చింది. శనగపచ్చ పురుగుకు కొట్టే మందులు మొదట్లో తగ్గిన మాట నిజమే. కానీ గులాబీ రంగు పురుగు ఆ విషానికి అలవాటుపడింది. కారణం ఇదీ: లక్షల పురుగుల్లో విషాన్ని తట్టుకునేవి ఏ కొన్నో ఉంటాయి. మిగతావి చస్తే అవే మిగిలి, వాటి సంతానమే చేను నిండుతుంది. చుట్టూ బీటీ కాని పత్తి వేయమన్నది ఇందుకే. అందులో పెరిగే మామూలు పురుగులు వీటితో జతకడితే ఆ గుణం పలచబడుతుంది. ప్యాకెట్టుతో ఆ గింజల సంచీ ఇచ్చారు గానీ, ఎందుకో విడమరిచి చెప్పినవారు తక్కువ.

మిరపలోనూ ఇదే కథ. 2021లో నల్ల తామర పురుగు పూతను పీల్చేసింది. మందు మీద మందు కొట్టినా ఆగలేదు. ఈ పురుగు కొంతకాలం నేలలో ఉంటుంది, ఆకు మీద కొట్టిన మందు అక్కడికి చేరదు. పైగా దాన్ని తినే మిత్రపురుగులు ఆ మందుకే చచ్చాయి. అప్పు మాత్రం రైతు నెత్తిన, అందులోనూ కౌలు రైతు నెత్తిన మిగిలింది.

కాబట్టి మన డిమాండు ఒక్కటే. లాం ఫారం శాస్త్రవేత్తలూ, వ్యవసాయ అధికారులూ విత్తనం వేయకముందే ఊళ్లకొచ్చి చేలగట్టున కూర్చుని ఈ సంగతులు చెప్పాలి. పురుగుమందుల కొట్టు సలహాతోనే సేద్యం సాగే పరిస్థితి పోవాలి.

మన వంతు పనీ ఉంది. పత్తిలో లింగాకర్షక బుట్టలు పెట్టి లెక్క చూడండి. వరుసగా 3 రాత్రులు బుట్టకు 8 రెక్కల పురుగులు పడితే అప్పుడు మందు ఆలోచించండి. డిసెంబరు దాటకుండా పంట ముగించి కట్టె పీకేయండి. ఎండుకాయల్లో దాగిన పురుగే వచ్చే ఏడు మళ్లీ లేస్తుంది. మందు కొనేముందు ఒక్క ప్రశ్న అడగండి: ఇది పురుగును ఏ దశలో చంపుతుంది? జవాబు రాకపోతే డబ్బు తీయకండి.