టెస్టు పేరుతో వెట్టిచాకిరీ ఇక చేయం!

డిజైన్ విద్యార్థులారా, జూనియర్ డిజైనర్లారా, అధ్యాపకులారా!

హైదరాబాద్‌లో డిజైన్ డిగ్రీ చివరి ఏడాది చదువుతున్న ఒక అమ్మాయిని, ఉద్యోగమిస్తామంటూ ఒక స్టూడియో పచ్చడి సీసాకు లేబుల్ వేసి పంపమంది. టెస్టన్నారు. మూడు నమూనాలు కావాలన్నారు, ఓపెన్ ఫైళ్లతో సహా. పంపింది. ఆ తర్వాత ఫోనెత్తినవాడు లేడు. ఈ వేసవిలో అదే లేబుల్ సూపర్‌మార్కెట్ అరలో కనిపించింది. వెనక రంగు మార్చారు, అంతే. అక్షరాలు ఆ పిల్ల చేత్తో రాసినవే.

ఇది దొంగతనం. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం గీసినవాళ్లే తొలి హక్కుదారులు. ఉద్యోగంలో భాగంగా గీస్తేనే యజమానికి హక్కు. ఉద్యోగమే ఇవ్వనివాడు యజమాని ఎలా అవుతాడు? రాతపూర్వకంగా, సంతకం పెట్టి ఇస్తే తప్ప ఆ హక్కు చేతులు మారదని 19వ సెక్షన్ చెబుతోంది. నాలుగేళ్ల చదువులో ఈ రెండు సెక్షన్లూ చెప్పిన కాలేజీ ఏది?

"పట్టా ఉంది గానీ పని రాదు" అని స్టూడియోలవాళ్లు ఎదురు దెప్పుతారు. పని రాదన్న మాట నిజమే. కొత్తగా పట్టా పుచ్చుకున్న కుర్రాడు విజయవాడలో ఆఫ్‌సెట్ ప్రెస్సుకు ఫైలు తీసుకెళ్తాడు. రంగులన్నీ ఫోన్ తెరకు సరిపడే ఆర్‌జీబీలో ఉంటాయి. చుట్టూ మూడు మిల్లీమీటర్ల బ్లీడ్ ఉండదు. కటింగ్‌లో తెల్ల అంచు తేలుతుంది. సన్నటి తెలుగు అక్షరాలను నాలుగు రంగులు కలిపిన నలుపులో పెడతాడు. ప్లేటు వెంట్రుకవాసి జరిగితే చాలు, గుడీ ఒత్తూ అలుక్కుపోయి, సీసాలో ఏం వేశారో చదవడానికి రాదు. "ఇది మిషనెక్కదు బాబూ" అంటాడు ప్రెస్సాయన. మిషను పక్కన వారం నిలబడితే వచ్చే విద్య ఇది. ఆ వారం ఎవరిచ్చారు వాడికి? కాలేజీ చివరి సెమిస్టర్ మొత్తం గోడకు తగిలించే ప్రాజెక్టుకు ఖర్చుపెట్టింది. స్టూడియో ఉచిత టెస్టులకు ఖర్చుపెట్టించింది.

ఈ దేశానికి దారి తెలియక కాదు. అమెరికన్ డిజైనర్లు ఈమ్స్ దంపతులు 1958లో ఇచ్చిన నివేదిక మీదే అహ్మదాబాద్‌లో జాతీయ డిజైన్ సంస్థ (ఎన్‌ఐడీ) పుట్టింది, 1961లో. అప్రెంటిస్‌ల చట్టం వచ్చిందీ అదే 1961లో. చదువుకో సంస్థ, పనికో చట్టం. రెంటినీ కలిపే బాధ్యత ఎవరూ నెత్తికెత్తుకోలేదు. పనిలోనే నేర్చుకోవచ్చనడానికి మన చిత్రకారుడు బాపునే చూడండి. చదివింది లా. గీత పదునెక్కింది పత్రికల పనిలో, అచ్చయిన బొమ్మకు డబ్బు తీసుకుంటూ.

చిన్న స్టూడియోలు అప్రెంటిస్‌ల ఖర్చు భరించలేవంటారా? క్లయింటు దగ్గర బిల్లు వసూలు చేసే చేతికి ఆ మాట చెల్లదు. 2019లో సవరించిన నిబంధనలు డిగ్రీ అప్రెంటిస్‌కు నెలకు కనీసం 9,000 రూపాయలు ఖరారు చేశాయి. సిబ్బంది ముప్పైకి చేరిన సంస్థ అప్రెంటిస్‌లను తీసుకుని తీరాలి. నలుగురున్న సంస్థ కూడా ఇష్టపడితే తీసుకోవచ్చు. అనుభవమే జీతమనేవాళ్లు తమ ఆఫీసు అద్దె అనుభవంతో కట్టి చూపించాలి.

అందుకే కాలేజీలను అడుగుతున్నాం. చివరి సెమిస్టర్‌ను స్టైపెండుతో కూడిన అప్రెంటిస్‌షిప్‌గా మార్చండి. విద్యార్థిని పంపే ముందు కాలేజీయే స్టూడియోతో ఒప్పందం రాసుకోవాలి. పిల్లల పని ఎత్తుకెళ్లిన సంస్థను క్యాంపస్ గడప తొక్కనివ్వకూడదు. ప్రెస్సులో పనిచేసే పెద్దలను పిలిచి పాఠం చెప్పించాలి, వాళ్లకు పట్టా ఉందా లేదా అని చూడకుండా.

అప్పటిదాకా ఆగనక్కర్లేదు. ఈ కాగితాన్ని మీ నోటీసు బోర్డుకు అంటించండి. టెస్టు అడిగిన ప్రతి సంస్థకూ ముందుగా రెండు ప్రశ్నలు రాసి పంపండి: దీనికెంత ఇస్తారు? మమ్మల్ని తీసుకోకపోతే ఈ పని వాడుకోబోమని రాసిస్తారా? జవాబు వచ్చేదాకా ఒక్క ఓపెన్ ఫైలు కూడా పంపకండి.