గిరిజన విద్యార్థి చదువునకు రెండు కొలతలా?

విద్యార్థి యొక కళాశాలలో రెండేండ్లు చదివి, కారణాంతరమున మఱియొక విద్యాలయమునకు పోవలసి వచ్చినప్పుడు, ఆ రెండేండ్ల చదువు అతనితో పోవలెనా, వెనుకనే యుండిపోవలెనా? ఈ ప్రశ్న పైకి గుమాస్తాల లెక్కవలె కన్పట్టును. కాని ఆ విద్యార్థి తన వంశములో తొలిసారి కళాశాల గడప త్రొక్కిన గిరిజన బాలుడో, బాలికయో అయినచో, ఆ లెక్కయే వారి జీవితమును నిర్ణయించును. కలవారి బిడ్డకు ఏడాది పోయినచో ఏడాదియే పోవును. కూలివాని బిడ్డకు ఏడాది పోయినచో చదువే పోవును.

నేడు మన విద్యాలయములు చదువును క్రెడిట్ల రూపమున కొలుచుచున్నవి. పదునైదు గంటల పాఠమునకు గాని, ముప్పది గంటల ప్రయోగమునకు గాని సుమారుగా ఒక క్రెడిట్టు. 2020 నాటి జాతీయ విద్యావిధానము ననుసరించి, 2021 జూలైలో యు. జి. సి. వారు క్రెడిట్ల బ్యాంకును నెలకొల్పుచు నిబంధనలు గావించిరి. ఇందు ప్రతి విద్యార్థి పేరను ఒక ఖాతా యుండును. సంపాదించిన క్రెడిట్లు ఏడేండ్లవఱకు చెల్లును. పట్టా నిచ్చు సంస్థలో కనీసము సగము సంపాదించినచో, తక్కినవి ఇతర సంస్థలనుండి తెచ్చుకొనవచ్చును. ఏడాది చదువునకు సర్టిఫికెట్టు, రెండేండ్లకు డిప్లొమా, మూడేండ్లకు పట్టా. నడుమ ఆగవచ్చును, మరల వచ్చి చేరవచ్చును.

ఉద్దేశము శ్లాఘనీయము. కాని ఈ ఇంటికి వెలుపలికి పోవు ద్వారము విశాలముగను, లోనికి వచ్చు ద్వారము ఇఱుకుగను ఉన్నది. నడుమ ఆగుట విద్యార్థి యిష్టము. మరల చేర్చుకొనుట సంస్థ యిష్టము. ఖాతాలో క్రెడిట్లు నిలువయున్నంత మాత్రమున చాలదు. చేర్చుకొను సంస్థ వానిని తన పాఠ్యప్రణాళికతో సరిచూచి ఒప్పుకొనవలెను. ‘ఈ విషయము మా ప్రణాళికలో లేదు’ అని యొక్క వాక్యము వ్రాసినచో, రెండు సంవత్సరముల కష్టము గాలికి పోవును. బ్యాంకులో సొమ్మున్నను అంగడివాడు ఆ నాణెము చెల్లదనినట్లే గదా! గిరిజన కళాశాలకు ఈ చిక్కు మఱింత యెక్కువ. అటవీ ఫలసాయమును, మూలికలను, కోయ, సవర మున్నగు భాషలను అది పాఠ్యాంశములుగా జేసినచో, అట్టివి వేఱొకచోట లేవన్న కారణముననే త్రోసివేయబడవచ్చును. తమ బ్రతుకునకు దగ్గఱగా చదివినందులకు విద్యార్థులను శిక్షించుట ఏ నీతి?

ఇట్టి అవమానము మన జాతికి క్రొత్తది కాదు. 1910లో కోపల్లె హనుమంతరావుగారు, ముట్నూరి కృష్ణారావుగారు, పట్టాభి సీతారామయ్యగారు మున్నగువారు బందరులో ఆంధ్రజాతీయ కళాశాలను స్థాపించిరి. సాహిత్యముతోపాటు చేతిపనులు, చిత్రలేఖనము అచట నేర్పబడెను. చదువు మన గడ్డకు తగినదై యుండవలెనన్న సంకల్పమే దానికి మూలము. దొరతనమువారి యేలుబడికి వెలుపల నిలిచినందున, అచ్చటి చదువునకు వారి కొలువులలో విలువ లేకుండెను. పరాయి ప్రభుత్వము మన చదువును గుర్తింపకుండుటను అన్యాయమని నాడు ఎలుగెత్తి పలికిన మనము, నేడు మన యేలుబడిలో గిరిజనుల చదువునెడ ఆ తీరుననే ప్రవర్తింపదగునా?

ఇతర దేశముల యనుభవమును చూతము. అమెరికాలో నవాహో జాతివారు 1968లో అరిజోనా రాష్ట్రమున తమ సొంత కళాశాలను నెలకొల్పుకొనిరి. ఆ దేశమున గిరిజనులు తామే నడుపుకొనిన మొదటి కళాశాల యదియే. ఇట్టి కళాశాలలకు ధనసాహాయ్యము చేయుటకు 1978లో శాసనము వచ్చెను. అచట పలుచోట్ల గిరిజన కళాశాలలును రాష్ట్ర విశ్వవిద్యాలయములును ముందుగనే ఒడంబడికలు చేసికొనుచున్నవి. ఏ పాఠము ఏ పాఠమునకు సరిపోవునో పట్టికలలో వ్రాయబడి యుండును. విద్యార్థి చేరుటకు ముందే తన లెక్కను తెలిసికొనును.

మనకును సాధనములు లేకపోలేదు. 2014 నాటి రాష్ట్ర విభజన శాసనమున వాగ్దానము చేయబడిన గిరిజన విశ్వవిద్యాలయములలో ఒకటి 2019లో విజయనగరమునను, 2023 నాటి శాసనమువలన రెండవది సమ్మక్క సారక్కల పేర ములుగునను ఏర్పడినవి. అయినను గిరిజనులనగానే మన్యము నొక్కదానినే తలచుట పొరపాటు. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతముల యానాదులు, ఎరుకలవారు, సుగాలీలు షెడ్యూల్డు తెగలలోనివారే. బాపట్ల చెంతనున్న స్టూవర్టుపురము 1913లో ఎరుకలవారికొఱకు ఏర్పడినది. నేరస్థ జాతుల చట్టము, పుట్టిన బిడ్డపై సైతము నేరపు ముద్ర వేసినది. 1952లో ఆ చట్టము దేశమంతట రద్దయ్యెను. అయినను ముద్ర మాసిపోవుటకు చదువుకంటె గొప్ప సాధనము లేదు. మన డెల్టా వరిపొలములలో ఎలుకలను పట్టి పంటను కాపాడిన యానాదుల ఋణమును కారంచేడు మొదలు రేపల్లెవఱకు గల రైతులందఱు నెఱుగుదురు.

ఇట్లు చేసినచో చదువుల స్థాయి పడిపోవునని కొందఱు పండితులు భయపడుదురు. స్థాయిని కాపాడవలసినదే, అందు వివాదము లేదు. కాని స్థాయి పేరు చెప్పి కారణము చెప్పకుండ త్రోసివేయుట పరీక్ష కాదు, పక్షపాతము. గింజ మంచిదో కాదో రాశిలో చేయి పెట్టి చూచి చెప్పవలెను గాని, బస్తా ఏ యూరినుండి వచ్చినదో అడిగి కాదు. కూలి కొలుచునప్పుడు చిన్న కుంచము, అప్పు రాబట్టునప్పుడు పెద్ద కుంచము వాడు కామందును లోకము మెచ్చదు. విద్యాలయమునకు మాత్రము రెండు కుంచములు తగునా?

కావున మా కోరికలు స్పష్టము. నాగార్జున విశ్వవిద్యాలయము మొదలుగా రాష్ట్రమునందలి ప్రతి విశ్వవిద్యాలయమును, గిరిజన విద్యాసంస్థల పాఠములకు తన పాఠములలో ఏవి సమానములో ముందుగనే పట్టిక ప్రకటింపవలెను. సమానమైన పాఠము లేనియెడల, ఆ క్రెడిట్టును ఐచ్ఛిక విషయముల ఖాతలో వేయవలెను గాని కొట్టివేయరాదు. నిరాకరించినచో గడువులోగా కారణము వ్రాసి యియ్యవలెను. దానిపై అప్పీలునకు చోటుండవలెను. రెండవ, మూడవ సంవత్సరముల తరగతులలో ఇట్టివారికి కొన్ని స్థానములు ఉంచవలెను. విద్యార్థి చోటు మాఱినను వేతనమును, వసతిగృహపు చోటును తెగిపోరాదు. అవి తెగినచో క్రెడిట్లు మాత్రము నిలిచి ప్రయోజనమేమి?

వీనిలో ఏదియు బొక్కసమును ఖాళీ చేయునది కాదు. పట్టిక వ్రాయుటకు కాగితము, కారణము చెప్పుటకు ధైర్యము, కష్టమును కష్టముగా గుర్తించుటకు మనస్సు చాలును. విశ్వవిద్యాలయ పాలకసభలలో కూర్చుండు పెద్దలు, గ్రామములలో కళాశాలలకు భూములును విరాళములును ఇచ్చిన దాతలు ఈ విషయమును అడుగవలెను. అడుగువారు లేనిచో నిబంధనలు కాగితములయందే నిద్రించును. ఏడేండ్ల గడువు గడచిపోవును. ఖాతలోని క్రెడిట్లు మురిగిపోవును.