ప్లగ్గులో నిరోధకము ఉండవలెనా, అక్కరలేదా?

డీజిలు ఇంజనునకు రవ్వతో పని లేదు గనుక, అట్టి ఇంజనులు మాత్రమే గల సభ్యులకు ఈ చర్చ యవసరము లేదు. కాని పెట్రోలుతో నడచు చిన్న యంత్రములు నేడు పల్లెపల్లెకును వచ్చినవి. వీపున మోయు తైవాను స్ప్రేయరు, గడ్డి కోయు బ్రష్ కట్టరు, కలుపు తీయు పవర్ వీడరు, కాలువ నీరు తోడు చిన్న పంపు: వీనికన్నిటికిని ప్లగ్గులోని రవ్వయే ప్రాణము. రెసిస్టరు, అనగా నిరోధకము, గల ప్లగ్గు రవ్వను బలహీనపరచుననియు, కావున సంఘము నిరోధకము లేని ప్లగ్గులనే తెప్పించి అమ్మవలెననియు కొందరు సభ్యులు కోరుచున్నారు. ఈ కోరికను మేము సమర్థింపజాలము.

నిరోధకము ప్లగ్గులోనికి ఏల వచ్చినదో ముందు తెలియవలెను. 1887లో హెర్ట్జ్ అను జర్మను శాస్త్రజ్ఞుడు విద్యుత్తు రవ్వ నుండియే రేడియో తరంగములను పుట్టించి చూపెను. మన ఇంజనులోని ప్రతి రవ్వయు అట్టి చిన్న ప్రసార యంత్రమే. ఆ తరంగములు దాపుననున్న రేడియోలో టపటప మను చప్పుడుగా వినబడును. రేడియోకు కలుగునది వినికిడి బాధ మాత్రమే. కాని ఇంజనును నడపు ఎలక్ట్రానిక్ పెట్టెలకు ఆ తరంగములు తప్పుడు సంకేతములై తోచి, ఇంజను తడబడవచ్చును. దీనిని అణచుటకై ప్లగ్గు పింగాణి లోపల, నడిమి కడ్డీకిని పైమొనకును నడుమ, సుమారు 5,000 ఓముల నిరోధకమును పొదుగుదురు.

ఇక రవ్వ బలహీనపడునను వాదము. రవ్వ దూకుటకు పూర్వము సందులో కరెంటు ప్రవహింపదు. కరెంటు లేనిచోట నిరోధకము వోల్టులను హరింపజాలదు. కావున సందును ఛేదింపవలసిన వేలకొలది వోల్టుల ఒత్తిడి కొనవరకు చేరుచునే యుండును. రవ్వ దూకిన క్షణమున ఒక్కమారుగా పొంగు కరెంటును మాత్రమే నిరోధకము గట్టిగా అదుపుచేయును. రేడియో చప్పుడునకు మూలమును, కడ్డీ కొనలను అరగదీయునదియు ఆ పొంగే. తరువాత సాగు రవ్వలో 30 మిల్లీ ఆంపియర్ల కరెంటున్నచో, 5,000 ఓములవద్ద పోవునది 150 వోల్టులు. నష్టము లేదని మేమనము. మంచి కాయిల్ దానిని సులభముగా ఓర్చుకొనును.

అయినను అన్ని ఇంజనులకును నిరోధకమే మేలనుటయు తప్పే. పాయింట్లతో పనిచేయు పాత మాగ్నెటో ఇంజనులు నిరోధకము లేని ప్లగ్గుకొరకే నిర్మింపబడినవి. కొన్నింటికి ప్లగ్గు టోపీలోనే నిరోధకముండును. దానికితోడు ప్లగ్గులోను ఉన్నచో నిరోధము రెట్టింపగును, కాయిల్ నీరసించిన పాత ఇంజను త్రాడు లాగినను లేవక మొరాయింపవచ్చును. మరియొకవైపున, 2020 ఏప్రిల్ 1 నుండి అమలైన భారత్ స్టేజ్ 6 నిబంధనల పిమ్మట వచ్చిన మోటారు సైకిళ్లలో అత్యధికము ఎలక్ట్రానిక్ పద్ధతిని ఇంధనము చిమ్మునవి. వానికి నిరోధకము లేని ప్లగ్గు బిగించుట ప్రమాదమును కొని తెచ్చుకొనుటయే.

గుర్తించుట కష్టము కాదు. ఎన్.జి.కె. వారి గుర్తులలో బి.పి.6ఇ.ఎస్. అనునది నిరోధకము లేనిది; నడుమ ఆర్ అక్షరము చేరిన బి.పి.ఆర్.6ఇ.ఎస్. నిరోధకము గలది. అక్షరము చెరిగినచో మీటరుతో పైమొనకును నడిమి కడ్డీకిని కొలువవలెను. వేల ఓములు చూపినచో నిరోధకము కలదు; ఇంచుమించు సున్న చూపినచో లేదు. అంకె విషయమునను మెలకువ వలయును. ఎన్.జి.కె.లో అంకె పెరిగిన కొలదిని ప్లగ్గు చల్లనిది. బాష్, ఛాంపియన్ ప్లగ్గులలో అంకె పెరిగిన కొలదిని వేడిది. అంకెలు సరిపోయినవని ఒక కంపెనీ ప్లగ్గునకు బదులు మరియొకదానిని బిగింపరాదు.

ఇంజను ఆగిన ప్రతిసారియు నిరోధకమును నిందించుటవలన అసలు దోషము మరుగుపడుచున్నది. మసి పట్టుట, పెట్రోలులో నూనె ఎక్కువ కలుపుట, సందు కొలత తప్పుట, ఇవియే తరచు కారణములు. హోండా జి.ఎక్స్.160 ఇంజనునకు బి.పి.ఆర్.6ఇ.ఎస్. ప్లగ్గును, 0.7 నుండి 0.8 మిల్లీమీటర్ల సందును తయారీదారులే నిర్ణయించియున్నారు. అట్టి నిర్ణయము ప్రతి ఇంజను పుస్తకమునందును కలదు. దానిని చూడకయే ప్లగ్గు మార్చుచున్నాము.

కావున మా సూచన యిది. సభ్యుల ఇంజనుల పేర్లను, వాని పుస్తకములలోని ప్లగ్గు గుర్తులను సంఘ కార్యాలయమున ఒక పట్టికగా వ్రాయించి, దాని ననుసరించి రెండు రకములను నిలువ యుంచవలెను. ఇంజను పేరు అడుగక ప్లగ్గు అమ్మరాదు. పురుగు పడిన చేనిలో స్ప్రేయరు ఆగినచో, కూలికి వచ్చినవారు గట్టున కూర్చుందురు. పురుగు మాత్రము ఆగదు. ఆ పూట పోయిన కూలితో ఎన్నో ప్లగ్గులు కొనవచ్చును. చౌకను చూచి ఒకే రకమును అందరికిని అంటగట్టు సంఘము సభ్యునకు మేలు చేసినదగునా?