హైదరాబాద్ ఎంత దూరం?

ఈమధ్య మా షోలాపూర్ పూర్వభాగంలో ఏ టీకొట్టు దగ్గర నిలబడినా విమానం ముచ్చటే. విమానాలకు అడ్డంగా ఉన్న చక్కెర ఫ్యాక్టరీ పొగగొట్టాన్ని 2023 జూన్‌లో పడగొట్టారు. 2025 జూన్‌లో గోవాకు, అక్టోబరులో ముంబయికి సర్వీసులు మొదలయ్యాయి. విమానాశ్రయాన్ని మా పిల్లలు మరాఠీలో ‘విమానతళ్’ అంటారు. చుట్టూ ఉన్న మాట తెలుగే కనుక నాకేం అభ్యంతరం లేదు. పెద్దలు మాత్రం అడిగేది ఒక్కటే: హైదరాబాద్‌కు నేరుగా ఎగిరితే ఎంతసేపు?

ఆకాశమార్గాన సుమారు 275 కిలోమీటర్లు. గోవా సర్వీసులాంటి చిన్న విమానానికి గంటలోపు పని. రోడ్డున ఉమర్గా, జహీరాబాద్, సంగారెడ్డి మీదుగా 300 పైచిలుకు, కారుకు ఐదారు గంటలు. రైలుదారి వాడి, తాండూరు, వికారాబాద్ చుట్టి రావడంతో 335 దాకా అవుతుంది. బండిని బట్టి ఆరు గంటలు అటూ ఇటూ.

ఇంతవరకు విమానానిదే గెలుపు. కానీ మనలో హైదరాబాద్‌కే పోయేవాళ్లెందరు? మగ్గం పట్టుకుని వచ్చిన మన తాతలవి కరీంనగర్, నల్లగొండ, పాలమూరు పల్లెలు. షోలాపూర్‌కు బొంబాయి వైపు నుంచి రైలు 1860లో వచ్చింది. వాడి–సికింద్రాబాద్ లైను 1874లో గానీ పడలేదు. అంతకు ముందు వచ్చినవాళ్లకు ఎడ్లబండి, లేదంటే కాళ్లు.

సిరిసిల్ల దగ్గరి ఊరి నుంచి అర్ధరాత్రి ఫోను వచ్చిందనుకోండి: “పెదనాయన పోయిండు.” తెల్లారి మట్టికి అందుకోవాలి. విమానం తన వేళకే గాని మన కబురు వేళకు లేవదు. టికెట్టు దొరికిందనే అనుకుందాం. ముందుగా వెళ్లి కూర్చోవడానికి గంటన్నర, ఎగరడానికి ఒక గంట, సామాను తీసుకుని బయటపడటానికి అరగంట. దిగేది శంషాబాద్‌లో. అక్కణ్ణుంచి సిరిసిల్లకు ఇంకో మూడున్నర గంటలు. మొత్తం ఆరున్నర. జీపు మాట్లాడుకుని సంగారెడ్డి దగ్గరే సిద్దిపేట వైపు మళ్లితే ఏడెనిమిది గంటలు. మిగిలేది అరగంట నుంచి గంటన్నర. అదీ ఒకరికో ఇద్దరికో. జీపులో అమ్మ, చిన్నమ్మ, వదినె, చంకలో పిల్లాడితో సహా ఎనిమిది మంది పడతారు. బీడీలు చుట్టే ఇంట్లో ఎనిమిది విమాన టికెట్ల మాట ఎవరెత్తుతారు?

విమానం దండగని నేననను. గుండెజబ్బు మనిషిని హైదరాబాద్ ఆసుపత్రికి చూపించుకోవడానికి తీసుకుపోయేవారికి, ఆరు గంటలు కూర్చోలేని ముసలివారికి అది వరమే. చద్దర్లు, టవళ్ల వ్యాపారులు పొద్దున పోయి రాత్రికి రావచ్చు. అయితే నన్నడిగితే మన వాడకు ముందు కావలసింది రాత్రి బయలుదేరి తెల్లారేసరికి సికింద్రాబాద్‌లో దింపే రైళ్లలో ఇంకో నాలుగు జనరల్ పెట్టెలు. శ్రావణ పున్నమికి మార్కండేయ స్వామి రథం చూడ్డానికి ఊళ్లనుంచి చుట్టాలు వచ్చేదీ వాటిలోనే, తిరిగి పోయేటప్పుడు తలుపు దగ్గర నిలబడేదీ వాటిలోనే.