కొలువు ఉండగానే



అమీర్‌పేటలో నిన్నటిదాకా జావా, టెస్టింగ్ అని రాసిన శిక్షణ సంస్థల బోర్డుల మీద ఇప్పుడు ఏఐ అని రాస్తున్నారు. మాదాపూర్‌లో తొలగింపు మెయిల్ అందుకున్నవారికీ, అమెరికాలో హెచ్‌1బి వీసాపై ఉద్యోగం పోయి గరిష్ఠంగా 60 రోజుల గడువులో మరో సంస్థను వెతుక్కుంటున్న మనవారికీ దిగులు ఒక్కటే. అందుకే ఈ సంచిక.

ధైర్యవచనాలతో ఇంటి అద్దె కట్టలేం. అందుకని అనుభవజ్ఞుల చేత పనికొచ్చే మాటలే రాయించాం. ఎవరు ఏ కోణంలో రాసినా అందరూ ఒక్క చోట కలిశారు: సిద్ధపడాల్సింది కొలువు ఉండగానే. జీతం స్లిప్పులు, ఫారం 16 సొంత మెయిల్‌లో దాచుకోవాలి. పీఎఫ్ ఖాతాకు సొంత ఫోన్ నంబరే ఉందో లేదో చూసుకోవాలి. కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా ఉద్యోగంతోపాటే పోతుంది కనుక ఇంటిల్లిపాదికీ వేరే పాలసీ ఉండాలి. పాత సహోద్యోగులను అవసరం పడకముందే పలకరిస్తూ ఉండాలి. ఇవన్నీ తెలిసినవే, వాయిదా వేసేవే.

ఉద్యోగం పోవడం నేరం కాదు, నామోషీ అసలే కాదు. సంగతి దాచి రోజూ బ్యాగు తగిలించుకుని బయల్దేరుతున్నవారికి మా మనవి: ముందు ఇంట్లో చెప్పండి. తర్వాత ఈ పేజీలు తిరగేయండి.