దరఖాస్తు వ్రాయుట ఎవరు నేర్పవలెను?

మూడు సంవత్సరములు చదివి పట్టా పుచ్చుకొన్న మన విద్యార్థి లోకమునకు సమర్పించు మొదటి రచన ఏది? కవిత కాదు, వ్యాసము కాదు, ఈ సంచికలో అచ్చుపడు కథానికయు కాదు. అది ఉద్యోగమునకు వ్రాయు దరఖాస్తు. తక్కిన రచనలన్నింటిని మేము ఏదో ఒక తరగతిలో నేర్పుచున్నాము, ఈ ఒక్క దానిని మాత్రము నేర్పుట లేదు. ఇది మా లోపమే. విద్యార్థులపై నెపము వేయుటకు పూర్వము దీనిని మేము ఒప్పుకొనవలసియున్నది.

గత వేసవిలో ఒంటిమిట్ట సమీప గ్రామమునకు చెందిన మా పూర్వ విద్యార్థిని ఒకామె తాను వ్రాసిన దరఖాస్తు నకలు తీసికొని మా వద్దకు వచ్చినది. పదవ తరగతి వరకు ఉర్దూ మాధ్యమము, పిమ్మట బి.కాం., ప్రథమ శ్రేణి. ఒక ప్రైవేటు సంస్థలో లెక్కల విభాగమున సహాయకురాలి ఉద్యోగమునకు ఆమె దరఖాస్తు పంపినది, జవాబు రాలేదు. కాగితము చదివితిమి. ఒక పేజీ నిండుగా ఉన్నది. తండ్రి కువైటులో డ్రైవరుగా పనిచేసి ఆరోగ్యము చెడి తిరిగి వచ్చినాడనియు, తన వెనుక ఇద్దరు చెల్లెండ్రు కలరనియు, దయగల యజమానులు కరుణించి ఈ ఉద్యోగమిచ్చినచో జన్మాంతము కృతజ్ఞురాలనై యుందుననియు వ్రాసినది. అంతా సత్యమే. కాని ఆమెకు ఏ పని చేతనగునో ఆ పేజీలో ఒక్క వాక్యము లేదు.

"లెక్కలు ఎక్కడైనా వ్రాసినావా?" అని అడిగితిమి. రెండేండ్లుగా మేనమామ అరటికాయల మండీలో చిట్టా, ఆవర్జా తానే వ్రాయుచున్నదట. కంప్యూటరులో ట్యాలీ వేయుట, జి.ఎస్.టి. బిల్లులు తీయుట కూడ ఆమె పనియే. లారీ బాడుగలు, రైతులకిచ్చిన బయానాలు, కాటా తరుగులు అన్నియు ఆమె వ్రాసిన పుస్తకములలోనే ఉన్నవి. మరి ఇది ఎందుకు వ్రాయలేదని అడుగగా ఆమె చెప్పిన మాట మాకు ఇప్పటికిని మరపునకు రాదు: "మా మామూ మండీలో కూచోని లెక్క రాసేది ఉద్యోగమెట్లయితాది సార్?"

ఆ సంస్థ వారు వెదకుచుండినది బహుశః ఆ లెక్క వ్రాయు మనిషినే. వారికి అందినది మాత్రము ఒక కుటుంబ కష్టముల కథ.

ఈ దోషము ఆమె ఒక్కతెది కాదు. దరఖాస్తు అను మాట పారసీకము నుండి ఉర్దూ ద్వారా మనకు వచ్చినది. కోరుట, వేడుకొనుట అని దాని అర్థము. నవాబు దర్బారులో అర్జీ పెట్టుకొన్న వారి వంశీయులము గనుక కాబోలు, ఆ వంగిన వెన్ను ఇంకను మన కలములో మిగిలియున్నది. ఉద్యోగ ప్రకటన వెలువరించిన వానికి ఒక పని జరుగవలసియున్నది. ఆ పని చేయగల మనిషి అతనికి అవసరము. మన అవసరము మనకెంత యున్నదో అతని అవసరము అతనికి అంతయున్నది. ఇద్దరు అవసరస్థులు కలిసికొను కాగితములో ఒకడే కాళ్లు పట్టుకొనుట ఎందుకు?

అడుగుట తప్పని మేము చెప్పుట లేదు. ఒంటిమిట్టలో ఉండి ఆ మాట అనుటకు నోరు రాదు. ఆంధ్ర వాల్మీకిగా పేరొందిన వావిలికొలను సుబ్బారావుగారు రెవిన్యూ శాఖలో ఉద్యోగము చేసి, తరువాత మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో తెలుగు పండితులై, అటుపిమ్మట కోదండరామాలయము జీర్ణావస్థలో ఉండుట చూచి టెంకాయ చిప్ప చేతబట్టి ఊరూర బిచ్చమెత్తినారు. ఆ చిప్పను గూర్చి శతకమే వ్రాసినారు. అయితే ఆయన ఏమి అడుగుచున్నారో, ఎందుకు అడుగుచున్నారో వినినవారికి క్షణములో తెలిసెడిది. మన విద్యార్థుల దరఖాస్తు రెండుసార్లు చదివినను ఏ ఉద్యోగమునకో తెలియదు. అదే పురములో ఇమాంబేగ్ బావి కలదు. రాముని పిలిచినచో పలుకునా అని ఆ అధికారి మూడుసార్లు పిలువగా బదులు వినవచ్చినదనియు, అందులకు ఆలయమునకు నీటి కొరకు ఆ బావి త్రవ్వించినాడనియు స్థలపురాణము చెప్పుచున్నది. కార్యాలయములు మూడు పిలుపులకు పలుకవు. అది వేరు సంగతి.

మంచి దరఖాస్తు ఎట్లుండునని విద్యార్థులు అడుగుదురు. మాదిరి పుస్తకములు మేము చూపము. వాని వలననే ఒకే వాక్యము నూరుమంది కాగితములలో కనబడుచున్నది. ఇప్పుడు సెల్ ఫోనులోని యంత్రము క్షణములో వ్రాసి యిచ్చు ఇంగ్లీషు దరఖాస్తులు కూడ ఆ పుస్తకముల మనుమలే. భాష మెరుగు, మనిషి మాయము. ఒక నిజమైన దరఖాస్తును గూర్చి మాత్రము చెప్పెదము. 1912 ఫిబ్రవరి 9వ తేదీన మద్రాసు పోర్టు ట్రస్టులో గుమాస్తా ఖాళీ కలదని విని ఒక యువకుడు దరఖాస్తు వ్రాసినాడు. మెట్రిక్యులేషను ప్యాసైనానని, ఎఫ్.ఏ. వరకు చదివి పరిస్థితులు అనుకూలింపక చదువు సాగించలేకపోయినానని, అప్పటినుండి కాలమంతయు గణితమునకే వినియోగించుచున్నానని, ఈ పని చేయగలనను నమ్మకము కలదని క్లుప్తముగా వ్రాసినాడు. తోడుగా ప్రెసిడెన్సీ కళాశాల గణితాచార్యుడు మిడిల్మాస్ట్ సిఫారసు జతపరచినాడు. మార్చి 1న నెలకు 30 రూపాయల జీతముపై పనిలో చేరినాడు. ఆయన శ్రీనివాస రామానుజన్.

ఎఫ్.ఏ. తప్పిన సంగతికి ఆ కాగితములో ఏడుపు లేదు, దాపరికమును లేదు. ఒక్క వాక్యముతో దాటి, తనకు వచ్చిన విద్య వద్ద నిలిచినాడు. మరుసటి సంవత్సరము జనవరి 16న కేంబ్రిడ్జిలోని హార్డీకి వ్రాసినప్పుడు కూడ తాను పోర్టు ట్రస్టు గుమాస్తానని, జీతము ఏడాదికి 20 పౌనులని మొదటనే చెప్పి, పిమ్మట సిద్ధాంతములు పేర్చినాడు. అంతకు ముందు మరి ఇద్దరు పండితులకు వ్రాయగా ఫలము లేకపోయినది. మూడవ ఉత్తరము ఫలించినది. ఆ ఉత్తరములో వయస్సు మాత్రము సుమారు 23 అని వ్రాసినాడు, నిజమునకు 25 నిండినవి. విద్యార్థులు తక్కినవన్నియు అనుసరింపవచ్చును గాని ఈ ఒక్కటి కూడదు. హార్డీ క్షమించినాడు, సర్వీసు కమిషను వారు క్షమింపరు.

ఆ మాట వచ్చినది గనుక మన సమాజమునకు ప్రత్యేకమైన ఒక చిక్కును విపులముగా చెప్పవలెను. అది పేరు. ఇంటిలో ఉర్దూలో పిలుచు పేరు, బడిలో తెలుగులో వ్రాసిన పేరు, పదవ తరగతి మెమోలో ఇంగ్లీషు అక్షరములలో పడిన పేరు, ఆధారు కార్డులోని పేరు, ఈ నాలుగును ఒకటిగా నున్న విద్యార్థిని మేము అరుదుగా చూచినాము. షేక్ ఒకచోట ముందు, ఒకచోట వెనుక, ఒకచోట పొడి అక్షరము. మహమ్మద్ అను పేరునకు ఇంగ్లీషులో ఎన్ని వర్ణక్రమములు కలవో లెక్కపెట్టుట కష్టము. ఆడపిల్లల పేర్ల చివర బీ, బేగం, ఉన్నిసా ఒక కాగితములో ఉండి మరొక దానిలో ఉండవు. వ్రాత పరీక్ష నెగ్గి, ధ్రువపత్రముల పరిశీలన నాడు బల్ల ముందు నిలబడి "ఈ పేరు గల మనిషి నీవేనా?" అని అడిగించుకొన్న విద్యార్థి దుఃఖము మేమెరుగుదుము. సాధారణముగా పేరునకు, పుట్టిన తేదీకి పదవ తరగతి మెమోయే మూలము. కనుక తక్కినవాటిని దానికి అనుగుణముగా దిద్దుకొనవలెను. మెమోలోనే తప్పున్నయెడల చదివిన పాఠశాల ద్వారా పరీక్షల శాఖకు వ్రాసి సవరించుకొనవలెను. ఇది నెలల తరబడి సాగు పని. డిగ్రీ మొదటి సంవత్సరముననే ఆరంభింపవలెను గాని ప్రకటన వెలువడిన తరువాత కాదు.

కులధ్రువపత్రము వేరొక చిక్కు. 2007 నాటి చట్టము ముస్లింలలో వెనుకబడిన 14 వర్గములకు బి.సి.-ఇ క్రింద 4 శాతము రిజర్వేషను కల్పించినది. 2010లో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు వలన అది కొనసాగినది. ముస్లింలందరును ఆ వర్గములోని వారు కారు. సయ్యద్, పఠాన్ కుటుంబముల పిల్లలు ఇది తెలియక గడి నింపుచున్నారు. దూదేకుల, నూర్‌బాషా వారు అంతకు చాల ముందునుండి బి.సి.-బి లోనివారు. పేరు ముందు షేక్ అని యున్నంత మాత్రమున దూదేకుల విద్యార్థి బి.సి.-ఇ అని గుర్తు పెట్టి, తహశీల్దారు కాగితములో బి.సి.-బి అని చూపినచో ఆ దరఖాస్తు గతి ఏమగును? స్థానికత సంగతియు ఇట్టిదే. 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఏర్పరచిన పద్ధతిలో స్థానిక అభ్యర్థి అనిపించుకొనుటకు చదివిన బడుల ధ్రువపత్రములు కావలెను. నాలుగవ తరగతి ఒక ఊర, ఏడవ తరగతి అమ్మమ్మ ఊర, తొమ్మిదవది మరొక పట్టణమున చదివిన పిల్లలు మనలో ఎందరో. ఆ కాగితములు అడిగి తెచ్చుకొని ఒక సంచిలో భద్రపరచుటకు పాండిత్యము అక్కరలేదు.

ఇప్పుడు దరఖాస్తులలో అధికభాగము కాగితముపై కాక కంప్యూటరుపై నింపబడుచున్నవి. నింపువాడు విద్యార్థి కాదు, బస్టాండు ప్రక్కన నెట్ సెంటరు కుర్రవాడు. అతడు ఆనాడు అరువదవ దరఖాస్తు నింపుచున్నాడు. ఫోను నంబరు తనది వేయును, రహస్యపదము తానే పెట్టును, మన విద్యార్థి రుసుము చెల్లించి రసీదు మడిచి జేబులో పెట్టుకొని బస్సెక్కును. హాలుటిక్కెట్టు సమాచారము ఎవరి ఫోనునకు పోవును? సర్వీసు కమిషనులో ఒక్కసారి నమోదు చేసికొన్న వివరములే తదుపరి ప్రకటనలకు ఆధారము. అక్కడ పడిన తప్పు వెంట వచ్చుచునే యుండును. పట్టభద్రుడు తన పేరు తాను టైపు చేసికొనలేకపోవుట మాకు సిగ్గు కలిగించుచున్నది.

ఉర్దూ మాధ్యమమున చదివిన సంగతిని మరుగుపరచు విద్యార్థులు కొందరు కలరు. ఎందుకు? ఇంటిలో ఉర్దూ, వీధిలో తెలుగు, పుస్తకములో ఇంగ్లీషు; మూడు భాషలలో మనుష్యులతో వ్యవహరింపగల గుమాస్తా బ్యాంకునకు బరువా? 2022లో ఉర్దూ ఆంధ్రప్రదేశ్‌లో రెండవ అధికార భాష అయినది. 2025లో 16,347 ఉపాధ్యాయ పోస్టులకు ప్రకటన వెలువడినప్పుడు ఉర్దూ మాధ్యమ పోస్టులును అందులో ఉన్నవి. 1947లో కర్నూలులో ఉస్మానియా కళాశాలను స్థాపించిన డాక్టర్ అబ్దుల్ హఖ్ గారి పేర నేడు అదే పట్టణమున ఉర్దూ విశ్వవిద్యాలయము నడచుచున్నది. చదివిన భాషను దరఖాస్తులో మొదటి వరుసనే వ్రాయవలెనని మా అభిప్రాయము.

కువైటు ప్రయాణమును గూర్చి రెండు మాటలు. మన పట్టభద్రులు సయితము ఏజెంటు మాట నమ్మి సంస్థలో ఉద్యోగమనుకొని ఖాదిం వీసాపై పోవుచున్నారు. 20వ ఆర్టికల్ అనగా ఇంటిపని. 18వది ప్రైవేటు సంస్థలకు. ఇది తెలియుటకు అరబ్బీ పాండిత్యము అక్కరలేదు, కాగితము చదివిన చాలును. 1983 నాటి వలస చట్టము క్రింద లైసెన్సు పొందిన ఏజెంటు 30,000 రూపాయలు, దానిపై పన్ను, అంతకు మించి రుసుము పుచ్చుకొనరాదు. అంతకు పది రెట్లు అడిగిన వానిని "మీ లైసెన్సు నంబరేమి?" అని ప్రశ్నించుట కూడ దరఖాస్తు విద్యలో భాగమే.

దరఖాస్తు బాగుగా వ్రాసినంత మాత్రమున ఉద్యోగములు పుట్టవని కమిటీలోని పెద్దలు కొందరు అనవచ్చును. నిజమే. 2019లో గ్రామ, వార్డు సచివాలయముల 1.26 లక్షల పోస్టులకు 21 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చినవి. ఒక్కరికి దొరకిన చోట పదునారుగురు వెనుదిరిగినారు. మంగంపేట ముగ్గురాయి గనులైనను, ఎర్రగుంట్ల సిమెంటు కార్ఖానాలైనను జిల్లాలోని పట్టభద్రులందరిని ఇముడ్చుకొనలేవు. కాని పోటీలో ఓడి వెనుదిరుగుట వేరు, పేరులో ఒక అక్షరము వలన గడప దాటలేకపోవుట వేరు. మొదటి దానికి మేము బాధ్యులము కాము. రెండవదానికి అగుదుము.

మేము కోరునది పెద్దది కాదు. చివరి సంవత్సరమున వారమునకు ఒక గంట. ప్రయోగశాలలోని కంప్యూటర్లు ఆ గంట సేపు. మొదటి సంవత్సరము ప్రవేశము నాడే ప్రతి విద్యార్థి పేరును పదవ తరగతి మెమోతో పోల్చి చూచు ఒక గుమాస్తా. ఇందులకు విశ్వవిద్యాలయము అనుమతి కావలసిన పని లేదు.

ఆ విద్యార్థినితో ఆనాడు మా గదిలోనే కూర్చుండబెట్టి దరఖాస్తు మరల వ్రాయించితిమి. మండీ పేరు, రెండేండ్ల కాలము, తాను వ్రాసిన పుస్తకములు, నెలకు సుమారుగా ఎన్ని బిల్లులు తీయుచున్నదియు వ్రాసినది. తండ్రి ఆరోగ్యము సంగతి తానే కొట్టివేసినది. పదునొకండు వరుసలలో ముగిసినది. మేనమామ సంతకముతో ఒక కాగితము తెమ్మనగా మొదట నవ్వినది, మరునాడు తెచ్చినది. దానిపై మండీ రబ్బరు ముద్ర కొంచెము వంకరగా పడినది. కడపలోని వేరొక సంస్థకు దానిని పంపినాము. ఈ వ్యాసము అచ్చునకు ఇచ్చునాటికి జవాబు రాలేదు. ఆమె మరొక ప్రకటన చూచి రెండవ ప్రతి తయారుచేయుచున్నది.